అమల మాటకు అడ్డం

మే 26, సోమవారం

ఆ యాంటీవైరస్ తయారుచేసినవాడు ఈరోజు తిరుపతి ఆస్పత్రిలో నాకు ఎదురుపడి ఉంటే ఏం జరిగేదో చెప్పలేను.

డాక్టరమ్మ నా వైపు చూడకుండా అమలనే అడిగింది. "అమలగారూ, ఊపిరి తీసే కండరాలు కూడా బలహీనపడుతున్నాయి. రాత్రి పెట్టుకునే మాస్క్ ముందు ముందు సరిపోకపోవచ్చు. అప్పుడు గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టి, మిషన్‌తో ఊపిరి ఇవ్వాలి. ఒకసారి పెట్టాక తీయడం దాదాపు ఉండదు. కావాలో వద్దో మీరు చెప్పండి. మీవారు కాదు, మీరు."

అమల వేలు బటన్ మీదే ఉంది. నొక్కింది. ఆమె మాటలు పలికే ల్యాప్‌టాప్ తెర మీద 'వ' వచ్చింది.

అక్కడ ఆగిపోయింది. అక్షరాల మీద తిరిగే లైటు కదలదు, ఇంకో అక్షరం రాదు. కింద మూలలో యాంటీవైరస్ పెట్టె ఒకటి లేచింది. 'మీ కంప్యూటర్‌ను పరీక్షిస్తున్నాం. మీరు సురక్షితంగా ఉన్నారు.' ఎవరడిగారు పరీక్షించమని? మూసేస్తే మళ్లీ లేచింది. బయట తలుపు దగ్గర జనం గొణుగుతున్నారు. అమల నుదుటి మీద చెమట.

"పెట్టండి డాక్టరమ్మా, ఏం చేయాల్నో అన్నీ చేయండి" అనేశాను.

డాక్టరమ్మ అమల వైపే తిరిగింది. "తొందర లేదు. జులై మొదట్లో రండి. అప్పుడు ఆమెనే చెప్పనిద్దాం" అని అమల చేతి మీద చేయి వేసింది.

వడమాలపేట వచ్చేదాకా కారులో అమల కళ్లు తెరవలేదు. అలసిపోయింది పాపం.

ఆమె కూడా సరే అనేదే. నాకు తెలుసు. 'వ' తో వంద మాటలు మొదలవుతాయి.

మే 27

ముప్పై మంది మూడో తరగతి పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టిన టీచరు. ఆ గొంతు పోయి ఏడాది దాటింది. చేతులు, కాళ్లు అంతకు ముందే పోయాయి. మోటార్ న్యూరాన్ జబ్బు అనే పేరు నోటికి వచ్చేసరికే సగం మనిషి చేజారిపోయింది. ఎడమచేతి చూపుడువేలు ఒక్కటి మిగిలింది. ఆ వేలి కింద ఒక పసుపు బటన్. తెర మీద అక్షరాలన్నీ గళ్లలో ఉంటాయి, ఒక్కో అక్షరం గుణింతం ఒక్కో వరస. ఒక లైటు వరస తర్వాత వరస పోతుంది, కావాల్సిన వరస దగ్గర నొక్కితే అందులో గడి తర్వాత గడి కదులుతుంది. కావాల్సిన గడి మీదకు వచ్చినప్పుడు నొక్కితే ఆ అక్షరం పడుతుంది. ఒక్కో అక్షరాన్నీ, అయ్యాక మాట మొత్తాన్నీ ల్యాప్‌టాప్ పలుకుతుంది. అమల వాళ్ల అన్న పాల్ ఎక్కడో వెతికి తెచ్చిన ప్రోగ్రాము. అది వచ్చిన రోజు ఇంట్లో పండగే.

అది వచ్చాక అమల నన్ను 'రండి' అనడం మానేసి 'రా' అంటోంది. గడులు మిగులుతాయి కదా. నాకేం బాధ లేదు. ఇరవై ఏళ్ల మర్యాద చాలు.

ఇప్పుడు ఆ బంగారం లాంటి దానికి ఈ దరిద్రం పట్టుకుంది.

పొద్దున ఫ్యాక్టరీకి పోకముందు, లోపల ఏమేం నడుస్తున్నాయో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. పేర్లే పేర్లు. కిందికి జరిపేకొద్దీ వస్తున్నాయి. నేను ఒక్కటీ తెరవలేదు, అన్నీ వాటంతట అవే వెనకాల నడుస్తున్నాయి. యాంటీవైరస్ పేరుతోనే నాలుగైదున్నాయి. ఒకదాన్ని పట్టుకుని ఆపబోతే 'అనుమతి లేదు' అంది.

నా ఇల్లు, నా ల్యాప్‌టాప్, నాకు అనుమతి లేదట.

మే 29

'నీళ్లు' అని రాస్తే 'నుళ్లు' అని పడింది. 'టీ' అంటే 'ఠీ'. మిషన్ ఒక గడో, ఒక వరసో వెనకబడుతోంది. ఆ యాంటీవైరస్ పనే.

మే 30

ఈరోజు కూడా 'నుళ్లు'.

జూన్ 1, ఆదివారం

చర్చి నుంచి పాల్ ఇటే వచ్చాడు. తిరుపతిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాడు కాబట్టి వీటి సంగతి తెలుసు. భోజనం కూడా చేయకుండా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

"బావా, దీంట్లో ఎన్ని యాంటీవైరస్‌లు ఉండాయో తెలుసునా?"

"ఒకటే కదా."

"రెండు. ఒకటి మిషన్‌తో వచ్చింది. ఇంకోటి ఎవురు ఏసినారు?"

నేనే. 'మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది' అని ఎర్ర అక్షరాలతో ఒకటి వస్తే భయపడి వేశాను. అమల మాట పోతుందేమోనని. పాల్‌కి చెప్పాను. నవ్వు ఆపుకున్నాడని తెలిసింది.

"రెండూ ఒకే పని చేస్తా ఉండాయి. ఒకటి సూసిన ఫైలునే ఇంకోటి సూస్తాది. దీన్ని అది అనుమానిస్తాది, దాన్ని ఇది. మధ్యలో మన అమల నలిగిపోతా ఉండాది" అంటూ నేను వేసినదాన్ని తీసేశాడు.

"మిగిలినదాన్ని కూడా తీసెయ్ పాల్. ఊరికే స్కాన్, స్కాన్ అని ప్రాణం తీస్తా ఉండాది."

"యా స్కాన్? అమల అక్షరాల మీద లైటు తిరగడాన్ని కూడా స్కాన్ అనే అంటారు. అది వేరే, ఇది వేరే."

"రెండూ నాకు ఒకటే. రెండూ ఆగిపోతాయి."

కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. "ఇది పండుకునేది కాదు బావా. నువ్వు ఏ ఫైలు తెరిచినా ముందు తాను సూసి తర్వాత వదుల్తాది. అమల ఒక అక్షరం నొక్కితే దానికొక చిన్న సౌండు ఫైలు తెరవాల. దాన్నీ సూస్తాది. ఇంకొకటి రోజూ నెట్‌లోంచి కొత్త వైరస్‌ల పేర్లు తెచ్చిపెడతాది. ఇంకొకటి వారానికొకసారి డిస్క్ మొత్తం గాలిస్తాది. ఆ రోజు ఆస్పత్రిలో వచ్చింది అదే. తీసేస్తే రేపు నిజంగా వైరస్ వచ్చి, అమల దాచుకున్న మాటలన్నీ పోతే?"

అమల మాటలు అందులో చాలా ఉన్నాయి. మా అమ్మాయి నిస్సీకి ఏవో రాసి దాచిపెడుతోంది. నన్ను చూడనివ్వదు.

పోయేముందు పాల్ చెల్లెలి పక్కన కూర్చుని ఆమె రాస్తుంటే చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా, "బావా, ఆ లైటు స్పీడు కొంచెం తగ్గిద్దామా?" అన్నాడు.

నాకు మండిపోయింది. "అసలే నిదానమని మేం సస్తా ఉంటే ఇంకా తగ్గిస్తావా? ముందు మిషన్ బాగు చెయ్యప్పా!"

అతను అమల వైపు చూశాడు. అమల ఇంకెటో చూసింది.

సాయంత్రం నుంచి కొంచెం నయంగా ఉంది.

జూన్ 3

నయం.

జూన్ 4

నయం లేదు.

జూన్ 7, శనివారం

తోతాపురి కాయ దిగుతోంది. జ్యూస్ ఫ్యాక్టరీ గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా ట్రాక్టర్లు. పొద్దుటి నుంచి సూపర్‌వైజర్‌గా నా పని అరవడమే. రైతుల మీద, డ్రైవర్ల మీద, హమాలీల మీద. అందరూ నా మీద. ఇంటికి వచ్చేసరికి గొంతు పోయింది, చేతుల నిండా మామిడి సొన.

నిస్సీ హాస్టల్ నుంచి వచ్చి ఉంది. అమ్మ పక్కన కూర్చుని జడ వేస్తోంది. అమల ఏదో చెప్పబోతోంది. 'నిస్సీ నీ' దాకా వచ్చింది. అంతలో తెర నల్లబడి, అప్‌డేట్ అని, ఆఫ్ చేయవద్దని, దయచేసి వేచి ఉండమని. ఇంకెంత వేచి ఉండాలి? తిరిగి లేచాక 'నిస్సీ నీ' పోయింది. అమల మళ్లీ మొదలుపెట్టింది. 'నిస్హీ' అని పడింది. చెరిపింది. మళ్లీ 'నిస్హీ'.

"ఎంతసేపే నీకు ఒక్క అక్షరం పలకడానికి! నీ నిదానం తగలెయ్య! నీతో ఏగలేక సస్తా ఉండాను!" అని బల్ల మీద కొట్టాను.

నిస్సీ జడ వదిలేసి లేచింది. "నాయనా, అట్ల అరవద్దు."

"నేను అరిచేది మిషన్‌ని."

"అమ్మకూ మిషన్‌కూ మధ్య జానెడు దూరం లేదు నాయనా. అరుపు యాడ పడతాదో సూసుకోవా?"

పంతొమ్మిదేళ్ల పిల్ల నాకు బుద్ధి చెబుతోంది. నేను మిషన్‌నే అన్నాను. అది అందరికీ తెలుసు. అమలకి తెలుసు.

జూన్ 11, బుధవారం

ఇంక దాచేది లేదు, దీన్ని చంపేస్తాను.

పొద్దున ల్యాప్‌టాప్ తెరిస్తే అమల ప్రోగ్రామే లేదు. బొమ్మ లేదు, ఫోల్డర్ ఖాళీ. యాంటీవైరస్ మాత్రం పచ్చని టిక్కు పెట్టుకుని నవ్వుతోంది. 'ఒక ప్రమాదాన్ని గుర్తించాం. తొలగించాం.' పాల్‌కి ఫోన్ చేశాను.

"అమల బటన్ నొక్కేది ఆ ప్రోగ్రాము పట్టుకోవాల కదా బావా. కీబోర్డు మీద ఎవురేం కొడతా ఉండారో దొంగతనంగా పట్టుకునే వైరస్‌లు కూడా అట్లనే పట్టుకుంటాయి. రెండూ ఒకటే అనుకునింది. ఎవురో కాలేజోళ్లు చేసి ఊరికే ఇచ్చింది, కంపెనీ పేరు కూడా లేదు, అందుకే నమ్మలేదు. పోలేదులే, యాడనో మూలకు ఏసి తాళం పెట్టింటాది. కాలేజీలో పరీక్షలు జరుగుతా ఉండాయి. ఎల్లుండి ఫోన్లోనే తెరిపిస్తా."

ఎల్లుండి దాకా నా భార్యకు మాట లేదు. ఆమె మాట్లాడటం ప్రమాదమట.

జూన్ 12

నేనే అక్షరాలు చదువుతుంటే, కావాల్సిన చోట అమల కళ్లు మూయాలి. క, ఖ, గ అని చదువుతూ కూర్చున్నాను. 'క' దగ్గర మూసింది. 'కా' అయింది.

"కాఫీయా?" తెరిచే ఉంచింది, అంటే కాదు.

"కాళ్లా? కాళ్లు నొప్పా? కాలు జరపాల్నా?" కాదు, కాదు.

"కారులో పోదామా? కాయలా? మామిడికాయా? ఏందో చెప్పు తల్లీ!"

అమల కళ్లు మూసుకుని ఇంక తెరవలేదు. ఈ సారి అది అక్షరం కాదని నాకు కూడా అర్థమైంది.

జూన్ 13

యాంటీవైరస్ కంపెనీకి ఫోన్ చేశాను. తొమ్మిది నొక్కండి, రెండు నొక్కండి. చివరికి ఒకమ్మాయి.

"సార్, మీ భద్రతే మాకు ముఖ్యం."

"మా ఆమె మాట్లాడాల తల్లీ. మీరు మాట్లాడనీకుండా చేసినారు."

"సార్, మేడంని లైన్లోకి ఇవ్వండి, మాట్లాడతాను."

ఫోన్ పెట్టేశాను. ఆ అమ్మాయిని అనేదేముంది.

సాయంత్రం పాల్ ఫోన్లో చెబుతుంటే నేనే చేశాను. తాళం పెట్టిన మూల నుంచి అమల ప్రోగ్రాము వెనక్కి తెచ్చాను. దాని ఫోల్డర్‌ని మినహాయింపుల్లో పెట్టాను. ఇకపై దాని జోలికి పోదు. వారం గాలింపు ఆదివారం మేము చర్చిలో ఉండే వేళకు మార్చాను. ఇప్పుడు ఆ లిస్టులో ఏది కాపలాదో, ఏది అప్‌డేట్ తెచ్చేదో, ఏది ఊరికే పెట్టెలు లేపేదో పేరు చూసి చెప్పగలను. ఆ కాపలాదాన్ని ఆపబోతే అనుమతి లేదన్నది కూడా న్యాయమేనట. నాలాంటివాడు ఆపగలిగితే వైరస్ కూడా ఆపగలుగుతుంది.

మాట తిరిగి రాగానే అమల రాసిన మొదటి ముక్క ఇది. 'కాసేపు ఊరకుండు.' నిన్న చెప్పబోయింది అదేనట.

నవ్వాను. ఆమె కళ్లలో కూడా నవ్వు. చాలా రోజులైంది.

జూన్ 16, సోమవారం

ఫ్యాక్టరీకి సెలవు పెట్టి పక్కన కూర్చున్నాను. తెరలో సగం అమల గళ్లు, సగం టాస్క్ మేనేజర్. కాపలాది మిషన్‌ని వాడుకునేది సున్నా. అప్‌డేట్‌ది సున్నా. గాలింపుది నిద్రలో ఉంది. ఒక్కటీ అడ్డం లేదు.

అమల 'అన్నం' అని రాసింది. 'ఆన్నం' అని పడింది.

అన్నీ సున్నాలో ఉన్నాయి. అక్షరం ఒక గడి ఆలస్యం.

బటన్ వైరు చూడాలి.

జూన్ 17

పుత్తూరులో వైరు మార్పించాను. అదే ఆలస్యం. బటన్ కూడా పాతబడింది, లోపల స్ప్రింగు వదులై ఉంటుంది.

జూన్ 18

అమల నిద్రపోతుంటే మధ్యాహ్నం నేనే బటన్ నా వేలి కింద పెట్టుకుని రాశాను. అ. మ. ల. ఒక్కటీ తప్పలేదు. చెరిపి మళ్లీ రాశాను. మళ్లీ చెరిపి మళ్లీ రాశాను. అనుకున్న గడి మీద అనుకున్నప్పుడు పడింది.

మిషన్ బాగుంది.

జూన్ 19

ఫ్యాక్టరీ. కాయ ఇంకా దిగుతూనే ఉంది.

జూన్ 22, ఆదివారం

పాల్ వచ్చాడు. చెప్పులు విడవకముందే చెప్పాను. "ఆ లైటు స్పీడు తగ్గించు."

ఎందుకని అడగలేదు. తగ్గించాడు. లైటు ఇప్పుడు ఒక్కో గడి దగ్గర ఆగి, ఎదురు చూసి, పోతుంది. తర్వాత అమల చేతులు, కాళ్లు, మెడ, ఒక్కొక్కటే చూశాడు. "దవడ కదిలించు... ఇదిగో, ఈడ ఇంకా బలముండాది" అన్నాడు. బటన్‌ని దిండు పక్కన చెంపకు ఆనేలా కట్టాడు. వేలు పని ఇంక అయిపోయింది. నేనే ఆ వేలిని బటన్ మీద నుంచి తీసి దుప్పటిలో పెట్టాను. చల్లగా ఉంది.

పాల్ పోయాక పక్కన కూర్చున్నాను.

"వేలు పోతా ఉండాదని నీకు తెలుసునా?"

'తెలుసు.' తప్పు పడలేదు. ఎంతసేపు పట్టిందో చూసుకోలేదు.

"ఎప్పట్నించి?"

'ఈస్టర్.'

"మరి చెప్పలేదేం? నేను ఆ యాంటీవైరస్‌తో కొట్లాడతా ఉంటే సూస్తా ఊరకుండినావే?"

ఈసారి చాలా గడులు. లైటు పోతుంది, వస్తుంది. మధ్యలో మాట అందించాలని నోటిదాకా వచ్చింది. పళ్లు కరిచిపట్టుకున్నాను. 'తిట్లన్నీ దానికే అనుకుంటే నాకు కొంచెం బాగుండింది.'

ఎంత నిదానం. నీ నిదానం తగలెయ్య. నీతో ఏగలేక. ఒక్కొక్కటీ గుర్తొస్తోంది. అన్ని రోజులు ఆ వేలు బటన్ మీద పెట్టుకుని, జానెడు దూరంలో వింటూ పడుకుంది.

నేను ఏం అన్నానో ఇక్కడ రాయను. అమల మాత్రం 'ఏడవద్దు, నీ మీసం తడుస్తాది' అంది. అందులో ఒక్క అక్షరం కూడా మిగుల్చుకోలేదు.

ఇంక ఉండబట్టలేక అడిగాను. "ఆ రోజు ఆస్పత్రిలో 'వ' అన్నావు. వద్దనా?"

'వ కాదు. ల.'

య, ర, ల, వ. అది కూడా ఒక వరస తప్పిందే.

"ల అంటే?"

'ల్యాప్‌టాప్ అప్పుడు కూడా వాడొచ్చా అని అడగబోయినా.'

నెల రోజులుగా నేను ఒక అక్షరానికి అర్థాలు చెప్పుకుంటూ కూర్చున్నాను. ఆమె రాయని అక్షరానికి. అది ఔనూ కాదు, కాదూ కాదు. డాక్టరమ్మని ఒక మాట అడగాలనుకుంది. నేను అడగనివ్వలేదు. యాంటీవైరస్ ఆపింది నిజమే. కాసేపటికి అది వదిలేది. నేను వదల్లేదు.

జూన్ 25

అమల డాక్టరమ్మని అడగాల్సినవి ముందే రాసి దాచుకుంటోంది. చూపించమంటే 'పో' అంది. ఒక్క అక్షరమే, తప్పు పడలేదు.

జూన్ 30

ఆ పెట్టె ఈరోజు కూడా లేచింది. 'అదనపు రక్షణ కోసం కొత్త ప్యాకేజీ తీసుకోండి.' ఇక్కడ ఎవరు ఎవరిని రక్షిస్తున్నారు? మూసేశాను. దాన్ని లేపేదాని పేరు కూడా నాకిప్పుడు తెలుసు. సెట్టింగుల్లోకి పోయి దాని నోరు మూయించాను.

జులై 7, సోమవారం

డాక్టరమ్మ తలుపు మూయించింది. "మీకెంత టైమ్ కావాలంటే అంత తీసుకోండి అమలగారూ" అని పెన్ను కింద పెట్టి కూర్చుంది.

మొదటి ప్రశ్న ల్యాప్‌టాప్ గురించే. వాడొచ్చంది. తర్వాతవి ముందే రాసుకున్నవి, ఒక్కొక్కటీ మిషన్ పలికింది. 'ఇంట్లో ఉండొచ్చా?' ఉండొచ్చు, కానీ పగలూ రాత్రీ ఒక మనిషి పక్కనే ఉండాలి, గొట్టంలో తెమడ తీయడం నేర్చుకోవాలి. 'మింగగలనా?' కష్టం. 'పెట్టుకున్నాక వద్దనిపిస్తే?' తీయడం చాలా కష్టమని డాక్టరమ్మ అది కూడా దాచకుండా చెప్పింది. 'పెట్టకపోతే చివర్లో ఊపిరాడక బాధపడతానా?' బాధ తెలియకుండా మందులిస్తామని, ఆ రోజు తాను ఉంటానని చెప్పింది.

ఇవన్నీ ఈమె ఎప్పుడు ఆలోచించుకుంది? నా పక్కనే కదా ఉంది.

చివరిది ముందుగా రాసుకోలేదు. అక్కడే, అప్పుడే, చెంపతో ఒక్కొక్క అక్షరమే నొక్కింది. 'ఇ' పడింది. 'ఇప్పు' అయింది. ఇప్పుడు. ఇప్పుడేంది? నా నోరు తెరుచుకుంది. మూసుకున్నాను. డాక్టరమ్మ కదల్లేదు. లైటు వరసల మీద మెల్లగా పోతోంది. తొందరగా రమ్మని దాన్ని నేను కోరలేదు.

'ఇప్పుడు వద్దు. మాస్క్ చాలు. మళ్లీ అడగండి.'

"తప్పకుండా అడుగుతాను. ప్రతిసారీ అడుగుతాను. మీ జవాబు ఎప్పుడైనా మారొచ్చు" అంది డాక్టరమ్మ. కాగితం మీద అవే మాటలు అట్లాగే రాసుకుంది.

నాకు కావాల్సిన జవాబు అది కాదు. ఇక్కడ అబద్ధం రాయను. గొట్టమో, మిషనో, ఏదో ఒకటి పెట్టి, ఎన్నేళ్లయినా ఉంచుకోవాలని ఉంది. కారులో రేణిగుంట దాటేదాకా ఆ కోపం దిగలేదు. ఎవరి మీదో తెలియలేదు. తిట్టడానికి ఈసారి ఏమీ దొరకలేదు.

వెనక సీట్లో మిషన్ పలికింది. 'నిస్సీకి నేనే చెప్పాల. నువ్వు చెప్పొద్దు.'

"సరే."

'ఫోన్లో కూడా.'

"సరే అన్నా కదే!"

జులై 9

నిస్సీ రెండుసార్లు ఫోన్ చేసింది. "డాక్టరమ్మ ఏమనింది నాయనా?" అంటే, శనివారం రా అన్నాను. "ఏమైంది, సెప్పవేం?" అని ఏడుపు గొంతుతో అరిచింది. నాకు కూడా అరవాలనిపించింది. శనివారం రా అన్నాను.

జులై 12, శనివారం

నిస్సీ బస్సు దిగి నేరుగా పరుగెత్తుకుంటూ వచ్చింది. చెమటతో ముఖం, భుజాన బ్యాగు అట్లనే ఉంది. గుమ్మంలోనే నా చేయి పట్టుకుంది.

"ఏం చెప్పినారు నాయనా? ఆపరేషన్ ఉండాదా, లేదా?"

"అమ్మ చెప్తాది. పోయి కూర్చో."

"నువ్వు చెప్పు. ఒక్క మాట. అమ్మకు ఎంతసేపు పడతాదో ఏమో..."

"పట్టనీ."

కుర్చీ మంచం దగ్గరకు జరిపి ఇచ్చాను. నిస్సీ కూర్చుంది. అమల కూతుర్ని కాసేపు చూసి, చెంప బటన్ వైపు తిప్పింది. నేను వంటింట్లోకి పోయి బియ్యం కడుగుతూ నిలబడ్డాను. లోపల మొదటి అక్షరం పలికింది.

వాళ్ల గది తలుపు దగ్గరకు వేసి వచ్చాను.